ఎసట్లో పోయకముందే పిడికెడు బియ్యం

మిజోరం కొండల్లో తెల్లవారుజామునే పొయ్యి రాజుకుంటుంది. ఉదయమే కడుపునిండా అన్నం తిని పొలానికో, బడికో, కార్యాలయానికో బయలుదేరడం అక్కడి కుటుంబాల ఆనవాయితీ. ఇల్లాలు ఆ పూటకు కావలసిన బియ్యం కొలుచుకుంటుంది. ఎసట్లో పోయడానికి ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, పక్కనే ఉన్న వేరొక డబ్బాలో వేస్తుంది. సాయంత్రం వంటవేళ మళ్లీ అదే పని. ఆ డబ్బాలో పడిన గింజలు ఇక ఆ ఇంటివి కావు. అవి సంఘానివి.

మిజో భాషలో ఈ ఆచారాన్ని ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు. బుహ్‌ఫాయ్ అంటే దంచిన బియ్యం, థామ్ అంటే పిడికెడు. 1910లో మొదలైన ఈ అలవాటు శతాబ్దం దాటినా నేటికీ సజీవంగా ఉంది. పెద్ద పరిశ్రమలు గాని, పెద్ద వ్యాపారాలు గాని లేని ఒక కొండ ప్రాంతంలో క్రైస్తవ సంఘం తన కాళ్లపై తాను నిలబడడానికి, పాఠశాలలు, ఆసుపత్రులు నడపడానికి, దేశంలోని ఇతర ప్రాంతాలకు తన సేవకులను పంపడానికి ఆధారమైన నిధుల్లో ఈ పిడికెడు బియ్యానికి విశిష్ట స్థానం ఉంది.

దానధర్మాలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. పండగ నాడు పెట్టేది కొందరైతే, పంట ఇంటికి చేరిన తరువాత మిగులు చూసుకొని ఇచ్చేది మరికొందరు. మిజో ఇల్లాలు ఇచ్చేది మిగులు కాదు. ఇంట్లో అందరికీ సరిపోతుందో లేదో తేలకముందే ఆమె తన పిడికిలి పక్కకు తీస్తుంది. సరిపోకపోతే ఆ పూట ఇంటివారి కంచాల్లోనే ఆ మేరకు తగ్గుతుంది. విశ్వాసం, కుటుంబం, పొలం ఈ మూడూ ఒక్క పిడికిలిలో కలుసుకునే తీరును అర్థం చేసుకోవాలంటే, ఆ బియ్యం ఎలా పోగవుతుందో, అంతకుముందు ఎలా పండుతుందో తెలుసుకోవాలి.

పిడికిలి లెక్క

ఈ ఏర్పాటు చాలా సరళమైనది. ప్రతి ఇంట్లో వంటగదిలో ఒక డబ్బా ఉంటుంది. నిర్ణీత రోజుల్లో సంఘానికి చెందిన స్త్రీలు ఇంటింటికీ వచ్చి అందులోని బియ్యం సేకరిస్తారు. ఒకచోట పోగైన ఆ బియ్యాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము సంఘం నిధికి జమ అవుతుంది. అనేక పర్యాయాలు ఆ బియ్యం కొనేది కూడా ఆ ఊరివారే. ఉత్తర మిజోరంలో ప్రధానంగా ఉన్న ప్రెస్బిటేరియన్ సంఘంలోనూ, దక్షిణాన ఉన్న బాప్టిస్టు సంఘంలోనూ ఇదే పద్ధతి కొనసాగుతోంది. బియ్యంతో పాటు అడవినుంచి తెచ్చిన వంటచెరకు, పెరటి కూరగాయలు, పండ్లు కూడా కానుకలుగా వస్తాయి. ఆదాయంలో పదోవంతు ఇవ్వడం దీనికి అదనం.

ఒక్క పిడికెడు చూస్తే లెక్కలోకి రానంత స్వల్పం. పిడికిలికి సుమారు 50 గ్రాములు పడతాయనుకుందాం. పూటకు ఒకటి చొప్పున రోజుకు 100 గ్రాములు. సంవత్సరం తిరిగేసరికి ఒక్క ఇంటినుంచి 36 కిలోలకు పైగా అవుతుంది. 200 గడపలున్న ఊరు ఏడాదికి 70 క్వింటాళ్లు దాటి ఇస్తుంది. ఇది కేవలం ఊహాగణితమే అయినా, రాష్ట్రమంతటా వందలాది గ్రామాలు, పట్టణపు పేటలు దశాబ్దాల తరబడి ఈ పని చేస్తే కలిగే ఫలితం ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఈ లెక్కలో మరో సూక్ష్మం ఉంది. నగదు రూపంలో చందా అడిగితే పేద ఇంటికి అది భారం. చేతిలో రూపాయి ఆడని రోజుల్లో కొండ రైతు దగ్గర ఉన్నది ధాన్యమే. ఉన్నదానిలోంచి, ఇవ్వగలిగినంత కొలతలో, ఎవరికీ తలవంపులు లేకుండా ఇచ్చే వీలును పిడికిలి కల్పించింది. ధనికుడి ఇంట్లోనూ పిడికెడే, పేదవాడి ఇంట్లోనూ పిడికెడే. ఇంట్లో బియ్యం అడుగంటినప్పుడు మాత్రం ఆ రెండు పిడికిళ్ల బరువు ఒకటి కాదు. గుడి కానుకల పెట్టెలో రెండు చిన్న నాణేలు వేసిన పేద విధవరాలి కథ బైబిల్లో ఉంది. క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు చిన్ననాడే చెప్పే ఈ కథ మిజో వంటగదిలో నిత్యకృత్యమైంది.

లుషాయ్ కొండలకు వచ్చిన పడవ

మిజోరంను ఒకనాడు లుషాయ్ కొండలు అనేవారు. 1890 ప్రాంతంలో ఆంగ్లేయుల పాలనలోకి వచ్చిన ఆ కొండలకు 1894 జనవరి 11న ఇద్దరు మిషనరీలు పడవమీద చేరుకున్నారు. జేమ్స్ హెర్బర్ట్ లోరెన్, ఫ్రెడరిక్ విలియం శావిడ్జ్ అనే ఆ ఇద్దరూ త్లాంగ్ నది ఒడ్డున ఉన్న సైరాంగ్ వద్ద దిగారు. అప్పటివరకు లిపి లేని మిజో భాషకు రోమన్ అక్షరాలతో వర్ణమాలను కూర్చారు. వారు వెళ్లిపోతున్న తరుణంలో, 1897లో, వేల్స్ దేశం నుంచి డి.ఇ. జోన్స్ వచ్చారు. 1899 జూన్ 25న ఖుమా, ఖారా అనే ఇద్దరు మిజోలు బాప్తిస్మం పొందారు. మిజోరంలో క్రైస్తవ సంఘానికి అదే తొలి అడుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 10,97,206. అందులో క్రైస్తవులు 87 శాతం.

మతం మారినంత మాత్రాన మనిషి స్వభావం కొత్తగా పుట్టదు. మిజో సమాజానికి అంతకుముందే గట్టి నీతి సూత్రం ఒకటి ఉంది. దాన్ని వారు ‘త్లోమ్‌గైహ్నా’ అంటారు. తనకంటె ముందు ఎదుటివాడిని తలచుకోవడం, అడగకుండానే సాయపడడం, కష్టమైన పనికి ముందుగా తానే పూనుకోవడం దాని సారం. ఊరి పని అందరూ కలిసి చేసే ‘హ్నత్లాంగ్’ కూడా అలాగే పాతకాలపు సంప్రదాయమే. పిడికెడు బియ్యం ఆచారం ఈ నేలలో సులువుగా వేళ్లూనుకోవడానికి ఈ పూర్వసంస్కారం దోహదం చేసింది.

ధాన్యం ఇవ్వడమూ మిజో రైతుకు కొత్త కాదు. ప్రతి గ్రామానికీ ఒక నాయకుడు ఉండేవాడు. పంట రాగానే ‘ఫథాంగ్’ అనే పేరిట ధాన్యభాగం అతనికి చెల్లించవలసి ఉండేది. అది హక్కుగా వసూలు చేసే కప్పం. 1954లో చట్టం ద్వారా ఆ నాయకుల హక్కులు రద్దయ్యాయి. కప్పం పోయింది. ఎవరూ శాసించని పిడికెడు మాత్రం నిలిచింది.

మొదలైన మరుసటి ఏడే పరీక్ష

మిజోరం అడవుల్లో విస్తారంగా పెరిగే ఒక జాతి వెదురు సుమారు 48 ఏళ్లకొకసారి ఒక్కుమ్మడిగా పూస్తుంది. కాయలు కాసి రాలుతుంది. ఆ కాయలు తిని ఎలుకలు అసంఖ్యాకంగా పెరుగుతాయి. కాయలు అయిపోగానే వరిచేలమీద పడతాయి. ఒక్క రాత్రిలో చేను మాయమవుతుంది. ఈ ఉపద్రవాన్ని మిజోలు ‘మౌతామ్’ అంటారు. వెదురు చావు అని దాని అర్థం. పిడికెడు బియ్యం ఆచారం ఆరంభమైన మరుసటి సంవత్సరమే, అంటే 1911-12లో, మౌతామ్ వచ్చింది. ఆకలి, దాని వెంట రోగాలు కొండలను ఊపివేశాయి. గింజ కరవైన వేళ గింజను పక్కకు తీసే అలవాటు అంతరించిపోవడమే సహజం. కాని అది అంతరించలేదు. లేతగా ఉన్నప్పుడే కరవును చూసిన ఆచారం తరువాతి కష్టాలనూ తట్టుకుంది.

మౌతామ్ మళ్లీ 1959లో వచ్చింది. నాడు ఈ ప్రాంతం అస్సాంలో ఒక జిల్లా. ముంచుకు రానున్న కరవును గురించి జిల్లా మండలి 1958లోనే హెచ్చరించినా, అస్సాం ప్రభుత్వం దాన్ని పట్టించుకోలేదన్న ఆగ్రహం జనంలో రగిలింది. కరవు సహాయానికి పుట్టిన సంస్థే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966 మార్చి 1న ఆ సంస్థ స్వాతంత్ర్యం ప్రకటించుకొని తిరుగుబాటు చేసింది. మార్చి 5న ఐజ్వాల్ పట్టణంపై భారత వైమానిక దళం దాడి జరిపింది. 1967 నుంచి గ్రామాలను ఖాళీ చేయించి రహదారుల వెంబడి శిబిరాల వంటి ఊళ్లలో కూర్చారు. రైతు ఒకచోట, అతని చేను మరొకచోట అయ్యాయి. ఇరవై ఏళ్ల సంక్షోభం తరువాత 1986 జూన్ 30న శాంతి ఒప్పందం కుదిరింది. 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది.

ఈ కల్లోలం మధ్యలోనే మరో ముఖ్య పరిణామం సంభవించింది. 1968 నాటికి వేల్స్ మిషనరీలు మిజోరం వదలి వెళ్లవలసి వచ్చింది. విదేశీ ధనం మీద, విదేశీ మనుషుల మీద ఆధారపడిన సంఘమే అయితే ఆనాడే కుంగిపోయి ఉండేది. మిజో సంఘం కుంగలేదు. పాస్టర్ల జీతాలు, పాఠశాలలు, ఐజ్వాల్ సమీపాన దుర్త్‌లాంగ్‌లోని ఆసుపత్రి, దక్షిణాన సెర్కాన్‌లోని ఆసుపత్రి స్థానికుల చేతుల మీదుగానే కొనసాగాయి. ఒకనాడు మిషనరీల రాకకోసం ఎదురుచూసిన కొండలు తరువాతి కాలంలో తామే ఇతర రాష్ట్రాలకు సేవకులను పంపసాగాయి. పరాధీనత నుంచి స్వయంపోషకత్వానికి జరిగిన ఈ ప్రయాణంలో పదోవంతులు, కానుకలు, పిడికెడు బియ్యం కలిసి నడిచాయి.

పిడికిలి వెనుక ఏడాది కష్టం

ఆ పిడికెడు బియ్యం విలువ తెలియాలంటే అది పండిన నేలను చూడాలి. మిజోరంలో సమతల భూమి బహు అరుదు. తూర్పున మయన్మార్ సరిహద్దుకు చేరువలో ఉన్న చంఫాయ్ లోయ వంటి కొద్ది చోట్ల మాత్రమే నీటి వరి పండుతుంది. మిగిలినదంతా నిటారు కొండవాలు. తెలుగు మన్యంలో పోడు అని, ఈశాన్యంలో జూమ్ అని పిలిచే సాగే అక్కడి రైతుకు తరతరాల ఆధారం.

చలికాలం చివర్లో అడవి నరుకుతారు. ఎండిన చెట్టుచేమను మార్చి నెలలో తగలబెడతారు. నరకడం ముగిసి, కాల్చడానికి ఎదురుచూసే విరామంలో వచ్చేదే మిజోల వసంతోత్సవం ‘చప్‌చార్ కుత్’. తొలకరికి ముందు చిన్న గునపాలతో బూడిద నేలలో గుంటలు చేసి విత్తనాలు వేస్తారు. వరితో పాటు మొక్కజొన్న, మిరప, నువ్వులు, గుమ్మడి, దోస కలిపి చల్లడం పరిపాటి. వానాకాలమంతా కలుపుతోనే పోరాటం. ఒకసారి తీసిన కలుపు మళ్లీ మొలుస్తుంది. కోత శరదృతువులో మొదలై చలి ముదిరేదాకా సాగుతుంది. గింజను వీపుమీది బుట్టల్లో వేసుకొని, ఆ బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకొని, కొండదారుల్లో ఇంటికి మోస్తారు.

ఇందులో నాగలికి గాని ఎడ్లకు గాని చోటు లేదు. ఉన్నదల్లా ఇంటివారి రెక్కలు. నరికేది మగవారైతే, విత్తడం, కలుపు తీయడం, కోయడం, మోయడంలో ఆడవారి చెమట ఎక్కువ. చేతులు చాలనప్పుడు ఇరుగుపొరుగు యువతీయువకులు ఒక బృందంగా ఏర్పడి ఒకరి చేలో ఒకరు వంతులవారీగా పనిచేస్తారు. తెలుగు పల్లెల్లో బదులు పనికి పోయినట్లే. ఇంత పనిలోనూ ఆదివారం చేను ముట్టరు. వాన కురిసి కలుపు మీదికి వస్తున్నా, కోతకు వచ్చిన చేను ఎదురుగా ఉన్నా, ఆ రోజు ఆరాధనకే. వర్షం చూసి పని చేసే రైతుకు వారంలో ఒక దినం వదులుకోవడం ఎంతటి త్యాగమో సేద్యం ఎరిగిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి వంటగదిలో పక్కకు పడే పిడికిలి ఆ ఇల్లాలి ఒక్కతె దానం కాదు. నరికిన భర్త, కలుపు తీసిన అత్తాకోడళ్లు, బుట్ట మోసిన బిడ్డలు అందరి శ్రమలోంచి తీసిన భాగమది. బిడ్డలు ప్రతిరోజూ ఆ దృశ్యాన్ని చూస్తూ పెరుగుతారు. ఇవ్వడమనేది వారికి ఉపదేశంగా కాక అలవాటుగా అబ్బుతుంది.

ఇదే సంస్కారం రోడ్డు పక్కన కూడా కనిపిస్తుంది. ఐజ్వాల్ నుంచి తూర్పుగా వెళ్లే జాతీయ రహదారిపై సెలింగ్ పరిసరాల్లో వెదురు గుడిసె దుకాణాలు ఉంటాయి. కూరగాయలు, పండ్లు, పూలు పేర్చి ఉంటాయి. ధర రాసిన పలక, డబ్బులు వేయడానికి ఒక డబ్బా ఉంటాయి. అమ్మే మనిషి మాత్రం ఉండడు. అతను పొద్దున్నే సరుకు పెట్టి చేనుకు వెళ్లిపోయాడు. కొన్నవారు డబ్బు వేసి, చిల్లర కావాలంటే తామే తీసుకొని పోతారు. పొలం పనికి మనుషులు చాలని కుటుంబాలకు ఈ నమ్మకం ఒక ఆర్థిక వనరు. దుకాణం దగ్గర కూర్చోవలసిన మనిషి చేలో కలుపు తీయగలుగుతున్నాడు.

తెలుగు నేల మీదా ఇదే బాట

మిజోరం ఉదాహరణ విశిష్టమైనదే గాని ఒంటరిది కాదు. తెలుగు ప్రాంతాల్లోనూ దీనికి పోలికలున్నాయి. మెదక్ మహాదేవాలయం 1914-24 మధ్య కరవు రోజుల్లో కూలీలకు అన్నం పెట్టి కట్టించిన కట్టడంగా అందరికీ తెలుసు. అక్కడ ఆకలిగొన్నవారికి అన్నం పైనుంచి వచ్చింది. నేటి మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్‌లో మరో ప్రయత్నం జరిగింది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో పుట్టి తెలుగు పల్లెలకు వచ్చిన ఆయన 1945లో మరణించేవరకు ఆ ప్రజల మధ్యనే జీవించారు.

ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు సొంత భూమి లేని వ్యవసాయ కూలీలు. ఇతరుల చేలలో పనిచేసి కూలి గింజలు తెచ్చుకొని బతికేవారు. అటువంటివారిని కానుక అడగడం న్యాయమా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. బీదవాడిని ఎప్పటికీ పుచ్చుకునేవాడిగానే ఉంచితే అతని ఆత్మగౌరవం ఎదగదన్నది అజరయ్య దృక్పథం. కానుక ఇవ్వడమన్న విషయంపై ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. వంటకు ముందు పిడికెడు బియ్యం దాచే అలవాటు తెలుగు సంఘాల్లోనూ ఉండేది. పంటలు ఇంటికి చేరాక జరిగే కోతల పండుగలో ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు మందిరానికి తెచ్చి సమర్పించడం, ఆరాధన ముగిశాక వాటిని వేలం వేసి ఆ సొమ్మును సంఘానికి జమకట్టడం నేటికీ అనేక గ్రామాల్లో కనిపించే దృశ్యం. గోపురాలు, స్తంభాలు దేశీయ శిల్పరీతిలో తీర్చిన దోర్నకల్ మహాదేవాలయ ప్రతిష్ఠ 1939లో జరిగింది. అటు మిజో కొండల్లో, ఇటు తెలుగు మైదానంలో, తిండిగింజే విశ్వాసానికి కొలమానమైంది.

వినిపించే ప్రశ్నలు

ఈ ఆచారాన్ని పొగడడంతో సరిపెట్టుకుంటే చిత్రం అసంపూర్ణమవుతుంది. పిడికెడు తీసేది స్త్రీ. ఇంటింటికీ తిరిగి పోగుచేసేదీ స్త్రీయే. పోగైన నిధిని ఎలా వెచ్చించాలో నిర్ణయించే సభల్లో, మతగురువుల పదవుల్లో మాత్రం పురుషులదే ఆధిక్యం. కుటుంబ ఆస్తిలోనూ ఇదే తీరు చాలాకాలం సాగింది. మిజో ఆచార ధర్మం వారసత్వాన్ని మగబిడ్డలకు కట్టబెట్టింది. వివాహం, విడాకులు, ఆస్తి వారసత్వాలపై 2014లో రాష్ట్రం చేసిన చట్టం స్త్రీ హక్కులకు కొంత చోటు కల్పించింది. చేలో సగానికి మించి చెమటోడ్చి, వంటగదిలో ముందుగా త్యాగం చేసే మనిషికి నిర్ణయంలో సమాన భాగం ఎప్పుడన్నది మిజో సమాజం ఎదుట ఉన్న ప్రశ్న.

మరో సంశయమూ లేకపోలేదు. పొరుగువారే గడప ముందుకు వచ్చి సేకరిస్తున్నప్పుడు, ఇవ్వడం ఎంతవరకు స్వచ్ఛందం? ఊరంతా ఇస్తుంటే ఇవ్వలేని ఇల్లు తలదించుకోవలసి రాదా? కానుకకు కొలత పిడికెడే కావడం ఈ ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది గాని పూర్తిగా తొలగించదు. స్వేచ్ఛ లేని చోట కానుక కప్పంగా మారుతుంది. ఫథాంగ్ చెల్లించిన తరాల వారసులకు ఈ తేడా ఒకరు చెప్పవలసినది కాదు.

రైలు వచ్చిన తరువాత

నేటి మిజోరం 1910 నాటి మిజోరం కాదు. 2011 నాటికే రాష్ట్ర జనాభాలో సగానికి పైగా పట్టణాల్లో నివసిస్తున్నారు. జూమ్ సాగు అడవికి, నేలకు హాని చేస్తోందన్న వాదనతో ప్రభుత్వాలు రైతులను తోటలకు, పశుపోషణకు, ఇతర వృత్తులకు మళ్లించే పథకాలు చేపట్టాయి. 2011లో భారీ ఎత్తున ఆరంభమైన కొత్త భూవినియోగ విధానం వాటిలో ముఖ్యమైనది. రాష్ట్రానికి కావలసిన బియ్యంలో కొంత భాగమే అక్కడ పండుతుంది. మిగిలినది భారత ఆహార సంస్థ ద్వారా, వ్యాపారుల ద్వారా ఇతర రాష్ట్రాలనుంచి కొండలెక్కి రావలసిందే. 2025 సెప్టెంబరు 13న బైరాబీ-సైరాంగ్ రైలు మార్గం ప్రారంభమైంది. 51 కిలోమీటర్ల ఈ మార్గం అనేక సొరంగాల గుండా సాగి ఐజ్వాల్ ముంగిటికి చేరుతుంది. 1894లో మిషనరీల పడవ ఆగిన సైరాంగ్‌లోనే ఇప్పుడు రైలు ఆగుతోంది.

రవాణా సులభమైతే మైదానాల బియ్యం తేలికగా అందుతుంది. అది మేలే. అయితే ఆచారం ముందు ఒక కొత్త పరిస్థితి నిలిచింది. ఇంటివారు కలిసి పండించిన గింజనుంచి తీసిన పిడికిలి వేరు, చౌకదుకాణం సంచినుంచి తీసిన పిడికిలి వేరు. నెలజీతం వచ్చే కుటుంబానికి బియ్యం కన్న నగదు ఇవ్వడమే సులువు. ఆ నగదుతో నిధి పెరగవచ్చు. రోజుకు రెండు పూటలా, పిల్లల కళ్లెదుట, అన్నం వండకముందు మరొకరిని తలచుకునే క్షణం మాత్రం అందులో ఉండదు.

ఆ క్షణం నేర్పిన పాఠం ఎక్కడెక్కడ పనికివస్తుందో ఇటీవలి సంఘటనలు చాటాయి. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత, అక్కడి చిన్ రాష్ట్రంనుంచి ప్రాణభయంతో సరిహద్దు దాటి మిజోరం చేరినవారి సంఖ్య 30 వేలు దాటింది. వారిని రానివ్వరాదన్న కేంద్ర ప్రభుత్వ ఆదేశం ఒకవైపు, మిజోలకు రక్తసంబంధులైన ఆ ప్రజల ఆకలి మరొకవైపు నిలిచాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రయమిచ్చే వైపే మొగ్గింది. సంఘాలు, 1935 నుంచి పనిచేస్తున్న యంగ్ మిజో అసోసియేషన్, సామాన్య కుటుంబాలు తిండి, బట్ట, తలదాచుకునే చోటు సమకూర్చాయి. 2023 మేలో మణిపుర్ ఘర్షణలు చెలరేగినప్పుడు అక్కడినుంచి వేలాదిగా వచ్చినవారికీ ఆ తలుపులే తెరుచుకున్నాయి. దేశంలోని సంపన్న రాష్ట్రాల్లో మిజోరం లేదు. తమకే బియ్యం బయటినుంచి వచ్చే చోట, వచ్చినవారికి అన్నం పెట్టడం రెండు తరాలకు పైగా సాగిన సాధన ఫలమని అనుకోవడంలో అతిశయోక్తి లేదు.

1910లో ఏ ఇంట్లో ఏ స్త్రీ మొదటి పిడికిలి తీసిందో చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకు గాని, ఆమె తోటివారికి గాని స్వయంపోషకత్వం, వనరుల సమీకరణ వంటి మాటలు తెలియవు. వారికి తెలిసినది ఒక్కటే. చేను దేవుడిచ్చినది, చెమట ఇంటివారిది, అన్నంలో ఆకలిగొన్నవాడికి భాగం ఉంది. ఆ భాగాన్ని చివర మిగిలితే ఇవ్వడం కాక మొదటే తీసి పెట్టారు. రేపటి మిజో పిల్లలు పొలం ముఖం చూడకపోవచ్చు, పొయ్యి రూపం మారవచ్చు. ఎసరు మరిగే వేళకు చేయి ఆ డబ్బావైపు వెళ్తుందా లేదా అన్నదాని మీదే ఆచారం భవిష్యత్తు ఆధారపడి ఉంది.